మూడో తరగతికి పెద్ద బెల్లు

ఆవిడ సొంత తరగతి అంటూ లేని టీచరు. ఎవరికి కాలు విరిగినా, ఎవరింట్లో పురుడొచ్చినా హెడ్మాస్టర్లు ముందు ఆవిడకే ఫోను చేసేవారు. ఆ టీచరు తిరిగొచ్చేదాకా ఆ కుర్చీలో కూర్చుని పాఠాలు చెప్పి, వాళ్ళు రాగానే సంచీ భుజాన వేసుకుని వచ్చేసేది. అందుకే చుట్టుపక్కల బళ్ళన్నిట్లో ఆవిడకి 'సెలవుల టీచరమ్మ' అని పేరు పడిపోయింది. సెలవులు వాళ్ళవి, పని నాది అని ఆవిడే నవ్వుతూ చెప్పుకునేది.

కొత్త టీచరు గదిలోకి అడుగుపెడితే పిల్లలు ఏం చేస్తారో ఆవిడకి కొట్టినపిండి. ఒకరి చోట ఒకరు కూర్చుంటారు. ఒకరి పేరు ఒకరు చెబుతారు. కడుపునొప్పి అంటారు, దాహం అంటారు, మా టీచర్ ఇలా చెప్పరు అంటారు. అన్నిటికీ ఆవిడ దగ్గర మందుంది. గొంతు పెంచకుండా వారం తిరిగేసరికి ఎలాంటి తరగతినైనా దారికి తెచ్చుకునేది.

తన కూతురు చదువుతున్న బళ్ళో, అదీ కూతురి తరగతికే పిలుపొచ్చినప్పుడు ఆవిడకి సంతోషమే వేసింది. మూడో తరగతి చెప్పే, అందరూ పెద్ద టీచరు అని పిలిచే ఆవిడకి జ్వరం తలకెక్కి ఆస్పత్రిలో చేర్చారట. ప్రాణానికి ప్రమాదం తప్పింది కానీ స్పృహ సరిగ్గా రాలేదు, ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టారు అని హెడ్మాస్టరు చెప్పాడు.

కూతుర్ని ఇంట్లో 'పిచ్చుక' అని పిలుస్తారు. నిద్రలో తప్ప దాని నోరు మూతపడదు. మొదటిరోజు పొద్దున జడ వేస్తూ టీచరమ్మ దానికి గట్టిగా చెప్పింది.

"బళ్ళో నేను నీకు అమ్మని కాదు. టీచర్ అనే పిలవాలి. తెలిసిందా?"

"మరి ఆకలేస్తే?"

"ఆకలేసినా టీచరే."

వాళ్ళ నానమ్మ పక్కనుంచి, "దాని సంగతి సరే, నువ్వు మర్చిపోయి అందరిముందూ 'బంగారం' అని పిలవకు" అంది. ముగ్గురూ నవ్వుకున్నారు.

తరగతి గది తలుపు తీసేసరికి చప్పుడు లేదు. పిల్లలందరూ తమ తమ చోట్లలోనే ఉన్నారు. పుస్తకాలు తెరిచి ఉన్నాయి. లేచి నిలబడి నమస్కారం చెప్పారు, కూర్చున్నారు. ఎవరో ముందే గట్టిగా బెదిరించి ఉంటారనుకుంది. బోర్డు మీద ఒక తీసివేత లెక్క వేసింది. వెనక్కి తిరిగి చూస్తే అందరూ తలలు వంచుకుని రాస్తున్నారు. దగ్గరికి వెళ్ళి చూసింది. రాస్తున్నది ఆ లెక్క కాదు, సైన్సు పాఠం. అందరూ ఒకే పేజీలో ఒకే వాక్యం మీద ఉన్నారు. చూస్తుండగానే అందరూ ఒక్కసారి పేజీ తిప్పారు.

అంతలో కిటికీ పక్క కుర్రాడొకడు లేచాడు. "మొక్కలకి వేళ్ళే నోరు టీచర్" అన్నాడు. కాసేపు ఆగాడు. తర్వాత మొహం వెలిగిపోతూ కూర్చున్నాడు, ఎవరో మెచ్చుకున్నట్టు.

"నిన్నెవరడిగారు నాన్నా?"

"టీచర్ అడిగారు టీచర్."

"నేనడగలేదే?"

"మీరు కాదు టీచర్. మా టీచర్."

ఆ మాటలో ఎగతాళి లేదు. ఆవిడని కాదని అన్నట్టూ లేదు. అందరూ ఒక్కసారి కిలకిలా నవ్వారు. వాణ్ణి చూసో ఆవిడని చూసో కాదు. వాళ్ళకి మాత్రమే వినపడిన ఏదో హాస్యానికి. రెండో బెంచీ చివర కూర్చున్న పిచ్చుక కూడా నవ్వింది. టీచరమ్మ కూతురి కళ్ళలోకి చూసింది. ఆ చూపు ఆవిడ మీద ఆగలేదు. బస్సులో కిటికీలోంచి చూసేవాళ్ళ చూపులా దాటిపోయింది.

సాయంత్రం ఇంటికొస్తూ అడిగింది. "ఏమే, మీ టీచర్ నిజంగా పాఠం చెప్పారా ఇవాళ?"

"చెప్పారుగా. నువ్వే మధ్యమధ్యలో మాట్లాడుతున్నావు" అంది పిచ్చుక చిరాగ్గా. వెంటనే దారిలో కనిపించిన కుక్కపిల్ల మీదికి మాట మార్చేసింది.

టీచరమ్మ హెడ్మాస్టరుతో చెప్పి చూసింది. ఆయన తరగతి బయట నిలబడి కాసేపు చూశాడు. చీమ చిటుక్కుమన్నా వినిపించేటంత నిశ్శబ్దం. ఆయన మొహం విప్పారింది.

"ఏం మంత్రం వేశారమ్మా! పిల్లలు ఇలా ఉండగా నా సర్వీసులో చూళ్ళేదు. కాస్త ఐదో తరగతిక్కూడా నేర్పకూడదూ?"

తల్లులూ అదే వరస. గేటు దగ్గర ఒకావిడ చెయ్యి పట్టుకుని, "మావాడు ఇంటికొచ్చి కూడా కదలకుండా చదువుతున్నాడండీ, మీ పుణ్యమే" అంది. టీచరమ్మ చెయ్యి విడిపించుకుని వచ్చేసింది. ఇంటికొచ్చాక పిచ్చుక కూడా చదువుతూనే ఉంటోంది మరి. పలకరిస్తే జవాబు ఆలస్యంగా వస్తోంది.

తర్వాత పిల్లలు బెల్లుకి లేవడం మానేశారు. ఇంటర్వెల్ బెల్లు కొడితే బడంతా గాలిదుమారంలా బయటపడింది. మూడో తరగతి మాత్రం కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది.

"బెల్లయింది, వెళ్ళి ఆడుకోండి" అంది టీచరమ్మ.

"మాకింకా కొట్టలేదు టీచర్" అంది ముందు బెంచీ అమ్మాయి. మంచినీళ్ళకి కూడా వాళ్ళని చెయ్యి పట్టుకుని లేపాల్సి వచ్చింది. లేపితే వచ్చేవారు, వదిలితే మళ్ళీ వెళ్ళి కూర్చునేవారు. ఇంటికి పంపే పెద్ద బెల్లుకీ అంతే. తల్లిదండ్రులు లోపలికొచ్చి ఒక్కొక్కరినీ తీసుకుపోవడం మొదలుపెట్టారు.

శుక్రవారం రాత్రి అన్నాల దగ్గర నానమ్మ పిచ్చుకతో, "కూర ఇంకొంచెం వెయ్యనా తల్లీ?" అంది.

పిచ్చుక ఎంగిలి చేత్తోనే లేచి నిలబడింది. "ఆవిరై పైకి పోతుంది టీచర్" అంది. ఆగింది. తల ఊపింది. కూర్చుంది.

నానమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పిచ్చుక నాన్న కళ్ళజోళ్ళ కొట్లో పనిచేస్తాడు, ఏదైనా ముందు పరీక్ష చేసిగాని నమ్మే మనిషి. నవ్వబోయి, భార్య మొహం చూసి మానుకున్నాడు.

"పాఠం బట్టీ పడుతోందేమోలే" అన్నాడు.

"దానికెవరో వినిపిస్తున్నారండీ."

"ఎవరు?"

ఆవిడ లేచి పిచ్చుక చెయ్యి కడిగింది.

మర్నాడు బడి కాగానే పెద్ద టీచరు ఇంటికి వెళ్ళింది. మెట్లెక్కి తలుపు తడితే ఆవిడ అక్కగారు తీసింది. మెడలో టేపు, పెదవుల మధ్య సూది. కుట్టుపని చేసుకుంటూ చెల్లెల్ని చూసుకుంటోంది. ముందుగదిలో సగం కుట్టిన జాకెట్లు కుర్చీల నిండా వేలాడుతున్నాయి. వచ్చినావిడ ఎవరో తెలిశాక సూది తీసి రవికెకి గుచ్చుకుని, "పాపం, దాని పిల్లల్ని మీరు చూస్తున్నారన్నమాట" అంది ఆప్యాయంగా. "డాక్టరు మెల్లగా తెలివొస్తుందన్నాడు. కానీ ఆ నోరు ఆగితేగా! కునుకు లేదు. వాగీ వాగీ మనిషి సగమైపోయింది. ఏం మాట్లాడుతుందో నాకర్థం కాదు. మీరు చూడండి."

లోపలి గదిలో కర్టెన్లు వేసి ఉన్నాయి. మంచం మీద పెద్ద టీచరు కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. పెదవులు కదులుతూనే ఉన్నాయి. టీచరమ్మ వంగి చెవి పెట్టింది. గొంతు ఎండుటాకుల మధ్య పురుగు పాకినట్టుంది, కానీ ప్రతి మాటా స్పష్టంగా ఉంది.

"...మళ్ళీ చెబుతున్నా, వినండి. సముద్రం నీళ్ళు ఉప్పగా ఉంటాయి. మరి వాన నీళ్ళు ఉప్పగా ఎందుకుండవు? ఆలోచించి చెప్పండి. రెండో బెంచీ చివర, నువ్వు చెప్పు."

ఆగింది. ఎవరిదో జవాబు వింటున్నట్టు కనుబొమలు కాస్త పైకి లేచాయి.

"ఊఁ. ఉప్పు కిందే ఉండిపోతుంది. బాగా చెప్పావు. కూర్చో."

రెండో బెంచీ చివర కూర్చునేది పిచ్చుక. టీచరమ్మ వెంటనే ఇంటికి ఫోను చేసింది. అత్తగారు ఎత్తింది.

"అత్తయ్యా, పిచ్చుకేం చేస్తోంది?"

"ఏం చెప్పను! మధ్యగదిలో ఒక్కత్తే కూర్చుని ఉంది. ఇప్పుడే లేచి ఉప్పు కిందే ఉండిపోతుంది అంది. ఉప్పుడబ్బా పడిందేమోనని వంటింట్లోకి పరిగెత్తాను. ఏం లేదు."

ఫోను పెట్టేసి మంచం పక్కన నిలబడింది. భయం ఒకవైపు, కోపం ఒకవైపు. అయినా గొంతు మెత్తగానే పెట్టుకుని చెప్పింది. "టీచర్ గారూ, మీ క్లాసు నేను చూసుకుంటున్నానండీ. మీరు విశ్రాంతి తీసుకోండి. పిల్లల్ని వదిలెయ్యండి."

పెదవులు ఆగాయి. మూసిన కళ్ళు ఆవిడవైపు తిరిగాయి.

"పాఠం జరుగుతుంటే మధ్యలో మాట్లాడకూడదు. కూర్చో."

టీచరమ్మ మోకాళ్ళు వాటంతటవే మడతపడ్డాయి. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. లేవాలనుకుంది, లేవలేకపోయింది. ఇప్పుడు గొంతు మంచం మీంచి రావడం లేదు. కుడిచెవి పక్కనే, ఊపిరి తగిలేంత దగ్గరగా వినిపిస్తోంది. భయంకరమైనదేమిటంటే, ఆ గొంతు చాలా బాగుంది. ఓపిగ్గా, ప్రేమగా ఉంది. చుట్టూ చిన్న చిన్న ఊపిరులు వినిపించాయి, బెంచీలు నిండా ఉన్నట్టు. పాఠం వింటూ ఎంతసేపైనా ఉండిపోవచ్చు అనిపించింది.

అక్కగారు మంచినీళ్ళు పట్టుకొచ్చి, భుజం పట్టి కుదిపేదాకా ఆవిడ అలాగే ఉంది.

"ఏమ్మా, కళ్ళు తిరిగాయా?"

"అవునండీ" అంది. నీళ్ళు తాగి లేచింది.

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు భర్తతో చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు తగల్లేదు. అంతా విని, "రేపు ఆదివారం కదా, పాపని డాక్టరుకి చూపిద్దాం. నువ్వూ ఓసారి చూపించుకో" అన్నాడు. వెక్కిరింపు లేకుండానే అన్నాడు. అందుకని ఆవిడకి ఇంకా ఏడుపొచ్చింది.

ఆదివారం పొద్దున లేచేసరికి పిచ్చుక మధ్యగదిలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పక్కమీంచి ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. మొహం కడగనివ్వలేదు. పాలు నోటి దగ్గర పెడితే పెదవులు విప్పలేదు. ఎత్తుకుంటే కర్రలా బిగుసుకుంది, దింపితే మళ్ళీ అక్కడే నిలబడింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నానమ్మ బతిమాలింది. నాన్న ముందు బుజ్జగించాడు, తర్వాత కసిరాడు, తర్వాత ఆయన కళ్ళల్లోనే నీళ్ళు తిరిగాయి.

టీచరమ్మ ఫోను మోగింది. గేటు దగ్గర చెయ్యి పట్టుకున్న ఆ తల్లే. ఇప్పుడు పుణ్యం మాట ఎత్తలేదు. "మావాడు ముద్ద ముట్టట్లేదండీ. నిలబడే ఉన్నాడు. పక్కింటి పిల్లా అంతేనట. బళ్ళో ఏం చేశారండీ వీళ్ళని?"

టీచరమ్మ కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. మొహం చేతుల్లోకి తీసుకుంది.

"పిచ్చుకా, ఒక్క ముద్ద తినవే."

ఎక్కడో లోతునుంచి వచ్చినట్టు వచ్చింది జవాబు. "బెల్లు కొట్టలేదుగా అమ్మా. కొడితే వస్తా."

"ఎక్కడ కొట్టాలమ్మా? బళ్ళోనా?"

"టీచర్‌కి వినపడట్లేదు" అంది పిచ్చుక. కాళ్ళు నొప్పి పుడుతున్నట్టు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారింది. అంతే, మళ్ళీ పలకలేదు.

టీచరమ్మ ఒక్క ఉదుటున లేచింది. "బండి తియ్యండి" అంది.

"డాక్టరు దగ్గరికేనా?"

"ముందు తియ్యండి, దారిలో చెప్తా."

పెద్ద టీచరు ఇంట్లో అక్కగారు తలుపు తీయగానే టీచరమ్మ ఆవిణ్ణి తప్పించుకుని లోపలికి వెళ్ళిపోయింది. వంటింట్లో స్టాండు మీంచి పెద్ద స్టీలు పళ్ళెం లాగింది. అట్లకాడ తీసుకుంది. "అయ్యో, ఏం కావాలమ్మా?" అంటూ అక్కగారు వెనకే వచ్చింది. భర్త గుమ్మంలో నిలబడిపోయాడు. మంచం మీద పెద్ద టీచరు గొంతు బొంగురుపోయి ఉంది. అయినా ఆగకుండా చెబుతూనే ఉంది. పెదవులు చిట్లి సన్నగా నెత్తురు కనిపిస్తోంది.

టీచరమ్మ ఈసారి ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడితే ఏమవుతుందో తెలుసు. పళ్ళెం ఎత్తి పట్టుకుని కొట్టడం మొదలుపెట్టింది. ఇంటర్వెల్‌కి కొట్టినట్టు విడివిడిగా కాదు, సాయంత్రం ఇంటికి పంపేటప్పుడు కొడతారే, అలా గంట గంటని తరుముతున్నట్టు ఆపకుండా కొట్టింది. గది దద్దరిల్లింది. కింద ఎవరో కిటికీ తెరిచి ఏమిటా గోల అని అరిచారు. చెయ్యి లాగేస్తున్నా ఆపలేదు.

పెద్ద టీచరు మాట మధ్యలో ఆగిపోయింది. తల కాస్త పక్కకి వాల్చి వింది. నుదుటి మీద ముడత విడిపోయింది.

"ఇవాళ్టికి చాలు" అంది. "తోసుకోకుండా ఒక్కొక్కరే వెళ్ళండి."

పెదవులు మూసుకున్నాయి. కాసేపటికి గురక వినిపించింది. అక్కగారు మంచం కోడు పట్టుకుని కూలబడిపోయింది. "నిద్రపోయింది... నిద్రపోయిందమ్మా" అంటూ కొంగు నోట్లో కుక్కుకుంది.

భర్త అప్పటికే ఇంటికి ఫోను కలిపాడు. అవతల వాళ్ళమ్మ గొంతు గదంతా వినిపించింది. "ఒరే, అది నడుచుకుంటూ గుమ్మం దాటి వీధిలోకి పోయిందిరా! నా పై ప్రాణాలు పైనే పోయాయి. వీధి మలుపు దాకా పోయి తిరిగొచ్చి, నానమ్మా ఆకలే అంది. తింటోంది. రెండోసారి వడ్డిస్తున్నా."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. డాక్టరు మాట మళ్ళీ ఎత్తలేదు.

అక్కడితో అయిపోలేదు. సోమవారం పొద్దున బడి మొదలయ్యే వేళకి పెద్ద టీచరు పెదవులు మళ్ళీ కదిలాయి. టీచరమ్మ ముందే అనుకుంది. అక్కగారికి అన్నీ చెప్పి పెట్టింది. ఇంటర్వెల్‌కి ఇలా, అన్నాలకి ఇలా, ఇంటికి ఇలా అని. అక్కగారు అన్నీ నమ్మిందో లేదో, చెల్లెలు నిద్రపోతుందంటే చాలు ఆవిడకి. మిషను పక్కనే పళ్ళెం పెట్టుకుని, బడి వేళకి కొడుతూ వచ్చింది. అక్కడ పళ్ళెం మోగగానే ఇక్కడ మూడో తరగతి లేచి బయటికి పోయేది, ఆడుకునేది, అన్నం తినేది. టీచరమ్మ బోర్డు తుడుస్తూ, చాక్‌పీసులు సర్దుతూ ఉండేది. లెక్కలు మాత్రం చెప్పనిచ్చేవారు. పెద్ద టీచరుకి లెక్కలంటే అంత ఇష్టం లేదేమో, ఆ పీరియడ్లో గొంతు ఆగేది. ఒకే గదిలో ఇద్దరూ కాపురం చేసినట్టుండేది. గొంతు వినపడకపోయినా, అప్పుడప్పుడు టీచరమ్మ కుడిచెవి పక్క గాలి వెచ్చగా తగిలేది. ఆవిడ పక్కకి జరిగి దారి ఇచ్చేది.

అలా నడుస్తుండగా ఒకరోజు తలుపు తీసేసరికి గది గదంతా గోలగోలగా ఉంది. కిటికీ పక్క కుర్రాడు బెంచీ ఎక్కి గెంతుతున్నాడు. కాగితం ఉండలు ఎగురుతున్నాయి. పిచ్చుక ముందమ్మాయి జడ లాగి, ఏమీ ఎరగనట్టు పైకప్పు చూస్తోంది. ఎవడో "మా టీచర్ ఇలా చెప్పరు" అని అప్పుడే మొదలుపెట్టాడు.

టీచరమ్మ గుండె గుభేలుమంది. ఆ గొంతు లేదు. అంటే మనిషి లేదు. పక్క తరగతి టీచరుకి పిల్లల్ని అప్పగించి చెప్పుల్లేకుండానే పరిగెత్తింది. మెట్ల పైన అక్కగారు ఎదురొచ్చింది, మొహమంతా ఏడుపు. మాట రాక చేత్తో లోపలికి చూపించింది.

పెద్ద టీచరు దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళు తెరిచి ఉన్నాయి. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని మెల్లగా నీళ్ళు తాగుతోంది. గ్లాసు దింపి, ఆయాసపడుతున్న మనిషిని పైనుంచి కిందికి చూసింది.

"ఎవరమ్మా మీరు?"

"మీ సెలవులో... మీ క్లాసుకి వచ్చానండీ."

"ఓ. కూర్చోండి" అంది.

టీచరమ్మ కూర్చోలేదు. ఒక్క క్షణం తన మోకాళ్ళని చూసుకుంది. అవి కదల్లేదు. అప్పుడు తనంతట తానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఒకటే పీడకల" అంది పెద్ద టీచరు. "ఎంత చెప్పినా క్లాసు అయిపోదు. పిల్లలున్నారు, మొహాల్లేవు. గొంతులే. వదిలేసి వెళ్తే వీళ్ళనెవరు చూస్తారు అని దిగులు. ఎవరో బెల్లు కొడితే కాస్త ఊపిరాడేది." అక్క వైపు చూసి బలహీనంగా నవ్వింది. "పిల్లలు బాగా అల్లరి చేశారా?"

"ఇవాళే మొదలుపెట్టారండీ" అంది టీచరమ్మ. అనగానే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

పెద్ద టీచరు కోలుకుని బడికి వచ్చాక టీచరమ్మ సంచీ సర్దుకుంది. పిల్లలెవరికీ ఆ రోజులు వింతగా తోచలేదు. ఒకసారి తలకి నూనె రాస్తూ కూతుర్ని అడిగింది, అంత దూరంనుంచి మీకెలా వినిపించేదే అని.

"దూరమా?" అంది పిచ్చుక. "ఇక్కడే ఉండేవారుగా" అని తన కుడిచెవి పక్కన చెయ్యి పెట్టి చూపించింది. చూపించి, రేపు డ్రాయింగు పెన్సిళ్ళు కొనమని గొడవ మొదలుపెట్టింది. టీచరమ్మ ఆ చెవి పక్కన తడిమి చూసింది. తర్వాత మళ్ళీ నూనె రాయసాగింది.

కొన్నాళ్ళకి వేరే బడినుంచి ఫోనొచ్చింది. అక్కడ ఒకటో తరగతి టీచరుకి కంటి ఆపరేషనట, ఎప్పుడు చేరతారు అని హెడ్మిస్ట్రెస్ అడిగింది.

"ఆవిడ ఇల్లెక్కడండీ?" అంది టీచరమ్మ.

"ఇల్లెందుకమ్మా? సిలబస్ నేనిస్తాగా."

"ఓసారి చూసొస్తానండీ. తర్వాతే చేరతాను."

ఆ సాయంత్రం నల్ల కళ్ళద్దాలతో కూర్చున్న ఆ టీచరు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. కుశల ప్రశ్నలయ్యాక అడిగింది. "ఒక్క మాట పైకి అనండి. నా పిల్లల్ని మీకు అప్పగించాను అని."

ఆ టీచరు ఇదేం చాదస్తం అన్నట్టు నవ్వింది. పక్కనున్న భర్త వైపు తిరిగింది. ఆయనా నవ్వాడు. టీచరమ్మ నవ్వలేదు, కదల్లేదు. ఆ మాట అనేదాకా అలా కూర్చునే ఉంది.